కుక్కదగ్గూ మంకీ క్యాపూ

వీరభద్రరావు గారికి చలంటే హడల్. స్కార్‌బరోలో కూతురు పద్మ పద్నాలుగో అంతస్తు ఫ్లాట్లో, హీటర్ పక్కనే కూర్చుని కూడా మంకీ క్యాప్ తియ్యరు. ఎవరైనా ఫ్రిజ్ తెరిచినా చాలు, "తలుపెయ్యండి, చలి!" అని కేకేస్తారు. నాలుగేళ్ల మనవరాలు హర్షిణికి ఏ కాస్త జలుబు చేసినా గొంతు లోపల వాచి, దగ్గు అచ్చం కుక్క మొరిగినట్టు వస్తుంది. డాక్టరు దాన్ని క్రూప్ అన్నాడు. ఈయన మాత్రం గోడమీది తెలుగు క్యాలెండర్లో, అది వచ్చిన ప్రతి తేదీ కిందా "భౌ" అని రాసి పెడతారు. ఈ చలికాలంలో అప్పటికే మూడు భౌలు. ఇంకోటి వస్తే స్పెషలిస్టుకి చూపిద్దామంది పద్మ.

నిన్న సాయంత్రం నాలుగోది రానే వచ్చింది. పిల్ల ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో ఈల మోగుతోంది. ఆయన చెవులమీంచి క్యాప్ లాగి పడేసి, ఆఫీసు నుంచి దారిలో ఉన్న పద్మకి ఫోన్ చేస్తే, "హాస్పిటల్‌కి వెళ్దాం, పది నిమిషాల్లో వచ్చేస్తా. అందాకా చల్లగాలి పట్టించండి నాన్నా, డాక్టరు చెప్పాడుగా!" అంది. ఆయన హర్షిణిని దుప్పట్లో చుట్టి ఎత్తుకుని, బాల్కనీ తలుపు బార్లా తెరిచారు. బయట మైనస్ పన్నెండు. "ఏడవకు తల్లీ, మెల్లిగా పీల్చు, ఇదిగో ఇలా," అంటూ తనూ పీల్చి చూపిస్తూ నిలబడ్డారు. పద్మ పరుగెత్తుకొచ్చేసరికి ఈల సన్నబడింది. పిల్ల తలెత్తి, "తాతా, వేర్ ఈజ్ యువర్ క్యాప్?" అంది. ఆయన చేత్తో బట్టతల తడుముకున్నారు. అప్పుడు పుట్టింది వణుకు.

"అమ్మాయ్, తలుపెయ్యవే, చలి!"