అక్క ఎడమకన్ను

మొన్న హిందూపురంలో కళ్ళు చూపించుకోవడానికి పోతే, మా కొడుకు కంటే చిన్నవాడైన డాక్టరు నా గడ్డాన్ని యంత్రం మీద పెట్టించి, తెర మీద బొమ్మలు చూసుకుంటూ, ఒక్కసారైనా నా ముఖం వైపు తిరగకుండానే మందులు రాసిచ్చాడు. ఒళ్ళు మండింది. కానీ తిట్టడానికి నాకు నోరెక్కడిది? తొంభైల్లో పెనుకొండ ఆసుపత్రిలో కంటి పరీక్షలు చేసే ఉద్యోగం వెలగబెట్టిన రోజుల్లో నేను అంతకంటే పెద్ద మొనగాణ్ణి.

ధర్మవరంలో మగ్గం నేసే మా అక్కకు ఒక ఏడు ఎడమకన్ను ఒక్కటే ముందుకు పొడుచుకొచ్చి, పైరెప్ప లేచిపోయి, ఎప్పుడూ ఎవరినో ఉరిమి చూస్తున్నట్టుండేది. ఆమె అత్త దానికి పొగరని పేరు పెట్టింది. నేసేవాళ్ళ ఇళ్ళలో కంటికి ఏమొచ్చినా జరీ మీదా సన్నపోగు మీదా తోసెయ్యడం మన కాలంవాళ్ళకు తెలిసిందే. ఇంత చదివిన నేనూ అదే పాట పాడి, కళ్ళజోడూ చుక్కలమందూ చేతిలో పెట్టి పంపాను. తగ్గలేదు. అప్పుడు హిందూపురంలో పేరుమోసిన పెద్దడాక్టరు, ఒక్క కన్నే ఉబ్బింది కాబట్టి వెనకాల గడ్డ ఉన్నట్టేననీ, కన్ను తీసెయ్యాల్సి రావచ్చనీ చేత్తో తాకైనా చూడకుండా తేల్చేశాడు. నేను గంగిరెద్దులా తలూపాను. అక్క ఏడవలేదు, ఒంటికన్నుతో పోగు కనబడుతుందా అని మాత్రం అడిగింది.

మా ఆసుపత్రిలో నాకంటే పెద్దదైన నర్సమ్మ ఒకామె ఉండేది, రొద్దం వైపు మనిషి. ఆ పెద్దడాక్టరు రాసిచ్చిన చీటీ పట్టుకుని వరండాలో కూర్చున్న అక్కను చూసి, ఆమె నేరుగా నా గదిలోకి వచ్చింది.

"ఏమప్పా, ఇంత చలిలో మీ అక్క కొంగుతో విసురుకుంటాండాది, చేతులు చూడు ఎట్ల వణుకుతాండాయో. కన్ను సంగతి తర్వాత, ముందు గొంతు చూపించు."

చూపిస్తే తేలింది, గొంతులోని థైరాయిడ్ చేసిన పని అది. ఆ జబ్బు ఒక్కోసారి ఒక్క కన్నునే ఉబ్బిస్తుందని పుస్తకంలో చదివి పరీక్ష రాసినవాణ్ణే నేను! పోగులు అతకడానికి వేళ్ళు నిలవడం లేదని అక్క ఆరునెలలుగా చెబుతూనే ఉన్నా, అది మగ్గం గోల అనుకున్నాను, సిగ్గులేని వెధవని. మాత్రలతో వణుకు తగ్గింది, కన్ను పూర్తిగా కాకున్నా కొంత లోపలికి పోయింది, అక్క మళ్ళీ మగ్గమెక్కింది.

ఇప్పుడు గడ్డ ఉందో లేదో యంత్రం నిమిషంలో చెబుతుంది, మంచిదే. ఎదురుగా కూర్చున్న మనిషిని చూసే ఆ నర్సమ్మలాంటివాళ్ళు మాత్రం కరువైపోయారు. అక్క నన్నెప్పుడూ ఒక్క మాటైనా అనలేదు. కానీ ఆ తర్వాత కంట్లో నలక పడినా బస్సెక్కి పెనుకొండకు వచ్చి, నా గది ముందునుంచే నడిచి, నర్సమ్మ దగ్గరికి పోయేది.