కౌన్సిలరమ్మ మొగుడు

ఊళ్లో అందరూ అల్విన్‌ని "కౌన్సిలరమ్మ మొగుడు" అనే పిలిచేవారు. ఇరవై ఏళ్లుగా భార్య బెరిల్ ఎవరింట్లోనో మురుగు కాలువల గురించో వీధి దీపాల గురించో మాట్లాడుతుంటే, అతను బయట కారులో కూర్చుని, ఫ్లాస్కులో టీ తాగుతూ, ఆమె చేతి తొడుగులు హీటరు దగ్గర వెచ్చబెట్టేవాడు. ఒక్కనాడూ విసుక్కోలేదు. ఈసారి జిల్లా కౌన్సిల్ ఎన్నికలో మాత్రం, ఓటు చీటీ ముందు పెన్సిలు పట్టుకుని కాసేపు నిలబడి, ఆమె మీద పోటీ చేసినవాడికి ఓటేశాడు. ఆమె ఎలాగూ గెలుస్తుందనే అనుకున్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని భోంచేసి ఎన్నాళ్లయిందో గుర్తొచ్చి చెయ్యి అటు పోయింది.

మర్నాడు ఊరి ఆటల హాల్లో ఓట్లు రెండుసార్లు లెక్కపెట్టారు. బెరిల్ ఒక్క ఓటుతో ఓడిపోయింది. "పోనీలే బెరిల్, ఇకనైనా మీ ఆయన మొహం చూడొచ్చు!" అని గెలిచినవాడి మనుషుల్లో ఎవరో అన్నారు. ఆమె కూడా నవ్వింది. కారెక్కాకే ఏడ్చింది.

"ఎవరంటావు ఆ ఒక్కరూ? బస్టాపుకి కప్పు వేయించమని అడిగిన ముసలావిడేమో. వేయించలేకపోయాను, ఆవిడ తప్పేముందిలే." కళ్లు తుడుచుకుని అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వైనా నాకేశావు. అదే చాలు."

అల్విన్ చెప్పేద్దామని నోరు తెరిచాడు.

"సీటు బెల్టు పెట్టుకో," అన్నాడు.