ట్రైన్ కోసం ఉంచిన గడులు

రత్నం ఆంటీ పియానో పుస్తకం గురించి ప్రచురణకర్తలకు రాస్తూనే ఉన్నాను. వాళ్లు పలకడం లేదు. ఆవిష్కరణ సభలో నన్ను స్తంభం వెనక కూర్చోబెట్టి, వేదిక మీద "టైపింగ్ చేసిన ఆయన" అన్నప్పుడు ఊరుకున్నాను. మరచిపోలేదు, ఊరుకున్నానంతే. ఇక ఊరుకోను.

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన ఏడాది ఆ పని నాకు వచ్చింది. నాది మ్యూజిక్ ఎన్‌గ్రేవింగ్. స్వరకర్త చేత్తో రాసిన సంగీతాన్ని కంప్యూటర్‌లో కూర్చి అచ్చుకు సిద్ధం చేయడం. ఊరికి పడమటి కొసన, బూన్ లేలో మా ఫ్లాట్‌లోనే చేస్తాను. ఆంటీ ఉండేది ఊరికి ఇంకో వైపు, ఆంగ్ మో కియోలో. తాతల కాలం నుంచీ ఈ ఊరివాళ్లే. జీవితమంతా పిల్లలకు పియానో నేర్పి, ఎనభై దాటాక చిన్న చిన్న పియానో రచనలు కొన్ని రాశారు. ఒక్కోటి రెండు పేజీలు మించదు. ఇవే ఆఖరివని ఆవిడే చెప్పారు.

ప్రతి రచన నడుమా కొన్ని బార్లు, అంటే తాళం లెక్కన సంగీతాన్ని విడగొట్టే గడులు, ఖాళీగా ఉన్నాయి. వాయించకుండా ఆగమని చెప్పే గుర్తు కూడా లేదు. అడగడానికి వెళ్లాను.

"ఆంటీ, ఇక్కడ ఏదో రాయడం మర్చిపోయినట్టున్నారు."

"మర్చిపోలేదప్పా. ఆ స్టూలు లాక్కుని కూర్చో. మాట్లాడకు."

వాయించారు. స్వరాలు ఒక్కొక్కటే నీళ్లలోకి దిగుతున్నట్టు మెల్లగా వచ్చాయి. ఖాళీ గడుల దగ్గర ఆవిడ చేతులు గాల్లో ఆగిపోయాయి. కర్టెన్ మీద ఎండ కదిలింది. కిటికీ ఎదుటి వంతెన మీదికి ట్రైన్ వచ్చింది. గ్రిల్ సన్నగా మోగింది, గ్లాసులో టీ వణికింది, పియానో లోపలి తీగలు ఎవరూ తాకకుండానే గుంయ్‌మన్నాయి. ఆ మోత ఆరిపోయేలోపు ఆవిడ చేతులు దిగాయి. తర్వాతి స్వరం అందులోంచే పుట్టినట్టు వినిపించింది. నేనెక్కడున్నానో కాసేపు తెలియలేదు.

"పడుచుతనంలో దీన్ని తిట్టి కిటికీ మూసేదాన్ని. ఇప్పుడు సీటిచ్చాను," అన్నారు. "హాకర్ సెంటర్‌లో తినడానికి వెళ్తే టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేస్తాం, సీటు పట్టుకుంటాం కదా. ఆ కుర్చీ ఖాళీ అంటారా?"

"అనరు. ఎవరో వస్తున్నారని తెలుస్తుంది."

"అదే."

"ట్రైన్ వినబడని ఇంట్లో వాయించేవాళ్ల మాటేమిటి?"

"వాళ్లింటికి ఏదొస్తే అది. కుక్కర్ విజిలే రానీ. నువ్వు మాత్రం నింపకు."

నింపలేదు. ఖాళీ గడులకూ కొలిచి చోటు పెట్టాను. తీరా పుస్తకం వస్తే అవి లేవు. ముందుదీ వెనకదీ కలిపి అతికించేశారు. ఎడిటర్‌కు ఫోన్ చేశాను. మన తెలుగువాళ్ల అమ్మాయే, ఇక్కడే పెరిగింది, మాట చివర ఈ ఊరివాళ్ల 'లా' తగిలిస్తుంది.

"అంకుల్, బ్లాంక్ బార్స్ చూస్తే మిస్టేక్ అనుకుంటారు లా. క్లీన్ చేశాం."

"ఆంటీని అడిగారా?"

"షీ ఈజ్ వెరీ ఓల్డ్, అంకుల్. వై డిస్టర్బ్?"

పుస్తకం ఆంటీకి నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఎదురుగా పెట్టుకుని వాయించారు. అలవాటైన చోట చేతులు ఆగాయి. పేజీ ఆగలేదు. ట్రైన్ వచ్చి వెళ్లిపోయింది. ఆవిడ పుస్తకం మూశారు.

"దాని సీట్లో ఎవరినో కూర్చోబెట్టారప్పా. నేను పోయాక జనం ఇలాగే వాయిస్తారు. ఇదే నేననుకుంటారు."

ఇన్నేళ్ల పనిలో ఖాళీ కనిపిస్తే పొరపాటని వెతికేవాణ్ణి. ఇప్పుడు, ఎవరి కోసమని ముందు అడుగుతాను. అడగడానికి ఒక ఫోన్ కాల్ చాలు.

రెండో ముద్రణ మొదలవుతోందట. నా పేరు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, దాన్నీ వదల్లేదు. ప్రచురణకర్తలూ, ముందు ఇది చెప్పండి: ఆ గడులు తిరిగి పెడుతున్నారా, లేదా? ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా అదే అడుగుతున్నారు. జవాబు నాకు ఇవ్వకపోయినా సరే, ఆవిడకు ఇవ్వండి. ఆవిడ ఫోన్ ఎత్తగలిగిన రోజుల్లోనే ఇవ్వండి.