గవ్వల పిండి, షుగర్ మిషన్

ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు. పలక పట్టాల్సిన వయసులో చంకన తమ్ముణ్ణి ఎత్తుకున్నాను, వాడు దిగేసరికి ఇంకొకడు ఎక్కాడు. తరవాత ఇళ్ళల్లో పని, పెళ్ళి, పిల్లలు. నలభై దాటాక బొల్లారంలో చర్చి వెనక గదిలో ఆడవాళ్ళకు సాయంత్రం చదువు చెబుతుంటే సిగ్గు చంపుకుని వెళ్ళి కూర్చున్నాను. అందుకే లాలాగూడ టీచరమ్మ సంగతి ఇన్నాళ్ళూ నోటితో చెప్పడమే గాని కాగితం మీద పెట్టలేకపోయాను. విన్నవాళ్ళందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను గాని, చివరికి వచ్చేసరికి నా నవ్వు ఎక్కడో ఆగిపోతుంది.

టీచరమ్మ గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. కొడుకు రైల్వే ఆఫీసులో గుమస్తా, పెళ్ళి మాట ఎత్తితే కసురుకునే రకం. ఆయన్ను నేను సార్ అనేదాన్ని. పెళ్ళికి ముందు వాళ్ళ క్వార్టర్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా పని నాదే. టీచరమ్మకు షుగర్ జబ్బు, పూటపూటా ఇంజెక్షన్. వేలు పొడిచి రక్తం బొట్టు పట్టీకి తాకిస్తే అంకె చూపించే మిషన్ ఒకటి సార్ అప్పుడే కొత్తగా కొన్నాడు. కాలనీలో అలాంటిది ఎవరింట్లోనూ లేదు. టీవీ మీద లేసు గుడ్డ కప్పి పెట్టేవాడు. (నాకు అక్షరాలు రాకపోయినా బస్సుల పుణ్యమా అని అంకెలు వచ్చు, కాబట్టి నేనూ తొంగి చూసేదాన్ని.)

డిసెంబరు వచ్చిందంటే టీచరమ్మకు ఒకటే పని. పాటలు పాడుతూ ఇంటికొచ్చే చర్చి పిల్లలకు గవ్వలు చేయాలి. మధ్యాహ్నం మైదాలో చక్కెర పొడి కలిపి ముద్ద చేసి, పొద్దువాలే దాకా గవ్వల చెక్క మీద ఇద్దరం ఒత్తేవాళ్ళం. ఆమె ఒక్కటి కూడా నోట్లో వేసుకునేది కాదు, రుచి చూడటం నా డ్యూటీ. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి గనక చేతులు కడిగి నీళ్ళు పారబోయడం ఆ ఇంట్లో పాపం కింద లెక్క. తడిగుడ్డతో తుడుచుకోవడమే. తరవాత సార్ వచ్చి, స్పిరిట్ దూదితో వేలు రుద్ది పొడిచేవాడు. పొద్దున పూట బుద్ధిగా ఉండే అంకె సాయంత్రానికి ఎగిరి కూర్చునేది.

"ఏం తిన్నావమ్మా?"

"ఏమీ తినలేదురా."

"మిషన్ అబద్ధం చెబుతుందా?"

"మరి నేను చెబుతానా?"

ముప్పై ఏళ్ళు పిల్లలకు అబద్ధమాడకూడదని చెప్పిన మనిషి ఆమె. సార్ డబ్బాలకు తాళం వేశాడు. నన్ను పోలీసును చేశాడు. నేను దిండు కింద, బీరువా వెనక, ఆఖరికి ఆమె పాత హ్యాండ్‌బ్యాగులో వెతికితే దొరికింది ఒక్క సుద్దముక్క. సాయంత్రం అంకెలు చూసి డాక్టరు ఇంజెక్షన్ పెంచాడు. పెంచిన మూడోనాడు అన్నం ముందు కూర్చున్న టీచరమ్మకు చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. చక్కెర నీళ్ళు తాగిస్తే తేరుకుంది. "చూశావా, దొంగతిండి తింటే ఇట్లాగే ఉంటుంది," అన్నాడు సార్. ఇంకోసారి ఇలా అయితే మనిషి దక్కకపోవచ్చు, ఆస్పత్రిలో చేర్చి కాపలా పెట్టండి అన్నాడట డాక్టరు.

మర్నాడు సాయంత్రం టీచరమ్మ తన వేలు ఇవ్వలేదు. "ముందు ఈ పిల్లకు చూడు. నీ మిషన్ సంగతి తేలిపోతుంది," అంది. సార్ విసుక్కుంటూనే నా వేలు పొడిచాడు. అంకె చూసి ఆయన ముఖం మాడిపోయింది. టీచరమ్మకు రోజూ వచ్చే అంకె కంటే నాదే ఎక్కువ! మిషన్ పాడైందని అనుకోవచ్చు కదా? అంత ఖరీదు పెట్టి కొన్న మిషన్‌ను ఎవరనుమానిస్తారు? "దీనికీ షుగరే," అని తేల్చేశాడు.

కబురందుకుని మా అమ్మ యాప్రాల్ నుంచి ఏడ్చుకుంటూ వచ్చింది. "పెండ్లి గాని పిల్లకు గిదేం రోగమమ్మా! ఎవరన్న ఇంటే సంబంధాలొస్తయా?" అని గుమ్మంలోనే కూలబడింది. కాకరకాయ రసం ఒక గ్లాసు, మెంతి నీళ్ళు ఒక గ్లాసు, మధ్యలో వేపాకు. "నోరు చేదైతుందే అమ్మా" అంటే "ప్రాణం తీపి గాదా, తాగు" అనేది. నాకు కళ్ళు తిరిగాయి, కాళ్ళు లాగాయి, వాళ్ళూ వీళ్ళూ చెప్పిన లక్షణాలన్నీ ఒక్కొక్కటే వచ్చేశాయి.

చివరికి సార్ నన్ను స్టేషన్ దగ్గర లాబ్‌కు తీసుకెళ్ళాడు. అక్కడి అన్న చేతి నరంలోంచి రక్తం తీసి చూసి నవ్వాడు. "నీకేం లేదు చెల్లె. ఆ రోజు మిషన్ల చూసేముందు ఏం పని చేస్తున్నవ్?" గవ్వలు ఒత్తుతున్నానని చెప్పాను. "చెయ్యి కడిగినవా?" తుడుచుకున్నానన్నాను. "స్పిరిట్ పెట్టాం కదా," అన్నాడు సార్ మధ్యలో. "స్పిరిట్‌తోని చక్కెర పోదు సార్. వేలికున్న తీపంత రక్తంల కలిసింది. సబ్బుతోని కడిగి, మంచిగ తుడిచి, మొదటి బొట్టు తీసేసి రెండో బొట్టు పెట్టండి."

ఇంటికి రాగానే నేనే పరుగెత్తుకెళ్ళి చెప్పాను. టీచరమ్మ సంబరపడుతుందనుకున్నాను. ఆమె కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "లాబ్ అబ్బాయి ఒక్కసారి చెబితే నమ్మాడన్నమాట," అంది. అంతే. సార్ బయట వరండాలోనే కూర్చున్నాడు, లోపలికి రాలేదు.

మర్నాడు సాయంత్రం, తాగే నీళ్ళ బిందె వంచి నేను టీచరమ్మ చేతులు సబ్బుతో వేలు వేలునా కడిగి పొడిగుడ్డతో తుడిచాను. ఆమె రెండు చేతులూ చాచి, బడిలో గోళ్ళు చూపించే పిల్లలా కొడుకు ముందు నిలబడింది. "చూసుకోండి సార్, శుభ్రంగా ఉన్నాయా?" ఆయన తల ఎత్తలేదు. సూది ఆయన చేతిలోంచి నేనే తీసుకుని పొడిచాను. అంకె మామూలుగా ఉంది. సాయంత్రం పూట ఇంజెక్షన్ తగ్గించమని అడగడానికి సార్ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. టీచరమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. మిగిలిన పిండి ముద్ద వైపు చూడనైనా చూడలేదు. పిల్లలు వస్తారు కదా అని నేనొక్కదాన్నే చెక్క ముందు కూర్చున్నాను. ఒక్క గవ్వా గవ్వలా రాలేదు, కొన్ని చెవుల్లా, కొన్ని ముక్కుల్లా వచ్చాయి. అయినా ఇప్పటికీ నా కళ్ళ ముందు, మోచేతుల దాకా పిండి పూసుకుని, టీచరమ్మ కోసం ఏడుస్తూ, తనకు జబ్బు లేదని మధ్యమధ్య నవ్వుకుంటూ, చూసేవాళ్ళెవరూ లేకపోయినా ఒత్తుతూనే ఉంది ఆ వెర్రిపిల్ల.