అవ్వ పంపిన అభ్యంతరం

మా న్యాయశాఖలో ఫలానా బిల్లు ఎంతవరకు వచ్చిందని ఎవరైనా అడిగితే "పరిశీలనలో ఉంది" అంటాం. ఎక్కడ వేసిన గొంగడి అక్కడే ఉందని దాని అర్థం. బయటివాళ్లకు ఆ జవాబు చెప్పడానికి నాకెప్పుడూ సిగ్గనిపించలేదు. చార్మినార్ వెనక గల్లీలో, నా పక్క వాటాలో ఉండే అవ్వకు చెప్పాల్సి వచ్చినప్పుడే ప్రాణం మీదికొచ్చేది.

అవ్వ లక్క గాజులు చేస్తుంది. ఇంట్లోనే, బొగ్గుల కుంపటి ముందు కూర్చుని, మెత్తబడ్డ లక్క వేడి ఆరకముందే వేళ్లతో అద్దాలు అతుకుతుంది. నలభై ఏళ్ల పని. ఆ వేళ్ల మీద కాలని చోటు లేదు. నేను కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో జ్వరంతో పడుంటే, ఆ చేతులతోనే నాకు జావ తాగించింది. అందుకే చిన్న పనివాళ్లకు ఉచిత వైద్యం కోసం బిల్లు రాయమని ఫైలు వచ్చినప్పుడు, అడిగి మరీ ఆ పని తీసుకున్నాను. ఆగలేక అవ్వకు చెప్పేశాను కూడా. అప్పటి నుంచి రోజూ అడిగేది.

ముసాయిదా రాసేవాళ్లకు ఒక అలవాటుంది. నిర్వచనాలు ఎవరూ కొత్తగా రాయరు, పాత చట్టంలోంచి మక్కికి మక్కి దించుతారు. నేనూ దించాను. ప్రజల అభ్యంతరాల కోసం ముసాయిదాను బయటపెట్టిన రోజు, పెద్ద గొప్పగా ఒక కాపీ తీసుకెళ్లి అవ్వకు చదివి వినిపించాను. "కార్మికుడు అనగా యజమాని స్థలంలో పనిచేయు వ్యక్తి" అనగానే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"గట్లైతే గిండ్ల నేను లేను గదా బిడ్డా? పనిచ్చే సేఠ్ దుకాణంల నేనెప్పుడు కూసున్న? మన గల్లీల ఆడోళ్లందరు ఇంట్లనే చేస్తరు."

నాకు తల కొట్టేసినట్టయింది. అది రాసింది నేనేనని చెప్పలేకపోయాను. అభ్యంతరం పంపమని మాత్రం అన్నాను. తనతోపాటే గాజులు చేసే కోడలితో రాయించి, కింద సంతకం పెట్టి పంపింది.

ఆ కాగితం తిరిగి తిరిగి నా బల్ల మీదికే వచ్చింది. ఇలాంటి వాటికి మా దగ్గర తయారుగా ఒక జవాబు ఉంటుంది: "పరిశీలించడమైనది, మార్పు అవసరం లేదు." అది రాస్తే బిల్లు ఈ సమావేశాల్లోనే సభకు వెళ్తుంది. నేను "నిర్వచనం రాయడంలో నా పొరపాటు, మార్చాలి" అని రాశాను. మా అధికారి కళ్లజోడు తీసి నా వంక చూశారు.

"మారిస్తే మళ్లీ అన్ని శాఖలూ తిరిగి రావాలయ్యా. ఈ ఏడాదికి ఇక మర్చిపో" అన్నారు. అని, సంతకం చేశారు.

ఆ సాయంత్రం అవ్వకు అంతా చెప్పాను, తప్పు నాదేనని కూడా.

"నువ్వే రాసినవా? నా చేతి జావ తాగి నన్నే మరిచినవా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కాసేపటికి తనలో తాను అన్నట్టు, "వచ్చే ఏడు దాంక ఈ చేతులు నడుస్తయో లేదో" అంది. వెంటనే సర్దుకుంది. "ఫికర్ చెయ్యకు. కొత్తగ ఏం రాసినవో సదువు."

"తన ఇంటివద్ద పనిచేయు వ్యక్తితో సహా" అని చదివాను. ఇంకోసారి చదవమంది. తర్వాత కోడలిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇను. నాకు అందకున్నా మంచిదే, గిండ్ల నువ్వున్నవ్."

మూడోసారి చదవబోయాను. కోడలే కాగితం తీసుకుని చదివింది.