గొట్టం బాబాయ్ ముక్కు

విమానాశ్రయంలో ఆయన్ని అందరూ గొట్టం బాబాయ్ అనేవారు. దిగిన విమానం పొట్ట కిందికి బండి తోలుకెళ్లి, లావుపాటి గొట్టం తగిలించి, మరుగుదొడ్ల తొట్టి ఖాళీ చేయడం ఆయన పని. ఇరవై రెండేళ్లలో టై కట్టినవాడెవడూ ఆయన పక్కన నిలబడి టీ తాగిన పాపాన పోలేదు. ఇంట్లో కూర మాడి బొగ్గయినా ఆయనకు తెలిసేది కాదు. మీ ముక్కు మొహానికి అందం కోసమే గాని ఎందుకూ కొరగాదని భార్య దెప్పేది. ఆయన నవ్వేసేవాడు.

ఒక వేసవిలో, గంట ప్రయాణానికి బయల్దేరిన విమానాన్ని నలుగురు తుపాకులవాళ్లు హైజాక్ చేసి ఇక్కడ దింపారు. జైల్లో ఉన్న తమవాణ్ణి వదిలేదాకా లోపలున్న తొంభై మందినీ వదిలేది లేదన్నారు. రెండో రోజుకే తొట్టి నిండి పొంగింది. అప్పుడు గాని దొరలకు బాబాయ్ గుర్తురాలేదు. తుపాకులవాళ్లు ఒక్కణ్ణే రానిస్తామన్నారు. ఆయన వెళ్లి పని ముగించి వచ్చేదాకా, తలుపు దగ్గర ఎర్రచొక్కావాడు తుపాకి గురిపెట్టి ఆయన్నే చూస్తూ నిలబడ్డాడు.

మూడో రోజు మధ్యాహ్నం మళ్లీ పిలుపొచ్చింది. ఈసారి ఆయన బట్టలేసుకుని ఒక జవాను వెళ్తాడట. బండి వెనక అరలో మరో ముగ్గురు దాక్కుంటారట. నీ నడకా నీ పనీ ఇతనికి నేర్పు, తొంభై ప్రాణాలు నీ చేతిలో ఉన్నాయన్నాడు అధికారి. నీ పని ఎలా చేస్తావని ఆయన్ని ఎవరైనా అడగడం అదే మొదలు.

గోదాములో గంటసేపు నేర్పాడు. ఎడమకాలు కాస్త ఈడ్వాలి. బండి దిగగానే టోపీ వెనక్కి తోయాలి. మూత తీసేముందు విమానం పొట్ట మీద రెండుసార్లు తట్టాలి. జవాను ఇట్టే పట్టేశాడు.

"మా ఆవిడ చూసినా నేనే అనుకుంటుంది," అన్నాడు బాబాయ్.

"ఇంకేమైనా మర్చిపోయావేమో చూడు బాబాయ్. ఆ ఎర్రచొక్కావాడు నిన్న నీ మీంచి చూపు తిప్పలేదు," అన్నాడు జవాను.

ఆయన కళ్లు మూసుకుని పనంతా మొదటినుంచీ తలుచుకున్నాడు. "అంతే నాయనా. ఇంకేం లేదు."

బాబాయ్ బనీనుతో గోదాము కిటికీ దగ్గర నిలబడ్డాడు. దూరంగా తానే బండి దిగి, కాలీడ్చుకుంటూ వెళ్లి, విమానాన్ని తడుతున్నట్టుంది. జవాను మూత తీశాడు. ఎండలో ఉడికిన మురికి. అతని చెయ్యి తనంతట తానే జేబులోకి పోయి, రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టింది.

ఎర్రచొక్కావాడు పేల్చాడు.

జవాను అక్కడే పోయాడు. ఆ తర్వాత బండిలోని ముగ్గురూ దూసుకెళ్లాక లోపల జరిగిన కాల్పుల్లో పదకొండుమంది ప్రయాణికులు పోయారు. మిగిలినవాళ్లను దించారు, అధికారులు పతకాలు తగిలించుకున్నారు. బాబాయ్‌ని మాత్రం రెండు రోజులు కూర్చోబెట్టి, నువ్వు ముక్కు మూసుకోవన్న సంగతి ఎందుకు దాచావని తిప్పితిప్పి అడిగారు. అక్కడ మూసుకోవాల్సినంత కంపు ఉంటుందన్నదే తాను మర్చిపోయానని ఆయన ఎన్నిసార్లు చెప్పినా వాళ్ల బుర్రకెక్కలేదు.

కొత్త యూనిఫాం ఇచ్చారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఏ వాసనా తెలియకపోయినా, మూత తీసేముందు ఆయన ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు. భార్య దాన్ని రోజూ ఉతికి ఆరేసేది. ముక్కు ఊసు మాత్రం మళ్లీ ఎత్తలేదు.