నాలుగు పడవలు, ఒకటే ఖాతా

జాలరిపేటలో వరహాలమ్మ మాటంటే మాటే. ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. బ్యాంకులో ఫారం తనే నింపుకుంటుంది, ఎవడైనా దబాయిస్తే తిరిగి నాలుగు దబాయిస్తుంది. అంచేత రొయ్యలు కొనే ఏజెంటు వచ్చి, "ఒక్కొక్కలకీ ఏరేరుగా డబ్బులెయ్యడం నా వల్ల కాదు, ఏదో ఒక కాతా సెప్పండి" అన్నప్పుడు నాలుగు పడవల వాళ్ళూ ఆలోచించనే లేదు. అందరూ ఆవిడ వైపే చూశారు.

అప్పటినుంచీ వేట డబ్బంతా వరహాలమ్మ ఖాతాలోనే పడేది. ఒక పడవ ఆవిడ మొగుడు ఎల్లాజీది, ఒకటి తమ్ముడు గవర్రాజుది, మిగతా రెండూ మరుదుల వరస వాళ్ళవి. ఆవిడ బ్యాంకుకెళ్ళి డబ్బు తీసుకొచ్చి, అరుగు మీద కూర్చుని, ఎవరి వాటా వాళ్ళ చేతిలో పెట్టేది. కాగితం లేదు, సంతకం లేదు. సొంతవాళ్ళని సంతకం అడగడమా? అంతకన్నా అవమానం ఆ పేటలో ఇంకోటుందా! అందులోనూ గవర్రాజు, తల్లి పోయాక ఆవిడ చేతి అన్నం తిని పెరిగినవాడు. డబ్బు జేబులో కుక్కుకుని ఆ అరుగు మీదే నడుం వాల్చి, సాయంత్రం దాకా నిద్రపోయేవాడు.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. ఆ పెద్దరికం వరహాలమ్మకి మహా ఇష్టం. కంచరపాలెంలో ఇన్‌కంటాక్స్ పనులు చూసే ఉమామహేష్, ఆవిడకి పాన్ కార్డు చేయించిన రోజునే హెచ్చరించాడు. "ఎవరి డబ్బు వాళ్ళ ఖాతాలోకే వెళ్ళేలా చూసుకో అమ్మా. పడిందంతా నీ సంపాదనే అనుకుంటారు ఇన్‌కంటాక్స్ వాళ్ళు."

ఆవిడ నవ్వేసింది. "ఆలకి బేంకంటే బయిం బాబూ. నాను నేకపోతే ఆలకి పని జరగదు."

ముగ్గురినీ ఒక్కపూట బ్యాంకుకి లాక్కెళ్తే తీరిపోయే పని. తీసుకెళ్తే మరి అరుగు మీద జనం తగ్గిపోరూ? తీసుకెళ్ళలేదు. ఆ తర్వాత దానికి ఎంత ఏడ్చిందో ఆవిడకే తెలుసు.

కొన్నేళ్ళకి నోటీసు వచ్చింది. మీ ఖాతాలో ఇంత డబ్బు పడింది, ఇది ఎక్కడిది, రిటర్ను ఎందుకు వేయలేదు అని. వరహాలమ్మ చేతిలో పని చేతిలోనే వదిలేసి ఉమామహేష్ దగ్గరికి పరిగెత్తింది.

"ఇదంతా నీదే అని తేల్చారంటే పన్ను, వడ్డీ, జరిమానా కలిపి పడవ అమ్ముకోవాల్సి వస్తుంది" అన్నాడతను. "మిగతా ముగ్గురూ 'మా వాటా మేం తీసుకున్నాం' అని సంతకం పెట్టి ఇస్తే గట్టెక్కుతావు. విడివిడిగా చూస్తే వాళ్ళెవరికీ పన్ను పడదు కూడా."

"ఓస్, ఇంతేనా? మా గవర్రాజు కళ్ళు మూసుకుని సంతకం ఎట్టేస్తాడు బాబూ."

పెట్టలేదు. ఆ కాగితం మీద సంతకం పెడితే రేషన్ కార్డు ఎత్తేస్తారనీ, వేట బంద్ రోజుల్లో వచ్చే భృతి ఆగిపోతుందనీ పేటంతా గుప్పుమంది. ఎవడు పుట్టించాడో మహానుభావుడు! మరుదులిద్దరూ ఆవిడ కంటపడకుండా తప్పించుకు తిరిగారు. గవర్రాజు మాత్రం వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అప్పా, పేణం అడుగు, ఇచ్చీస్తాను. ఆ కాయితం మీద మాత్రం నా పేరొద్దు. పిల్లలున్నోణ్ణి."

"ఏటీ అవదురా. ఆ బాబు సెప్పాడు."

"కార్డు పోతే ఆ బాబు బియ్యమిస్తాడేటి?"

చెడామడా తిట్టాలనుకుంది. భయపడ్డవాణ్ణి ఏమని తిడుతుంది?

"అయితే వాళ్ళ పేర్లు నువ్వే రాసివ్వు" అన్నాడు ఉమామహేష్. "ఆఫీసు వాళ్ళే పిలిపించి అడుగుతారు."

పేర్లు ఇవ్వకపోతే పడవ పోతుంది. ఎల్లాజీ ఈ వయసులో ఇంకొకడి పడవ మీద కూలికెళ్ళాలి. ఇస్తే తమ్ముణ్ణి ఆఫీసుకి పట్టిచ్చినట్టే. గడువు ముగిసే రోజు దాకా అటూ ఇటూ కొట్టుకులాడి, చివరికి ముగ్గురి పేర్లూ చెప్పింది. తమ్ముడి పేరు మరీ చిన్నగా చెప్పింది. ఉమామహేష్ మళ్ళీ అడగాల్సొచ్చింది.

గవర్రాజుకి పిలుపొచ్చింది. వేట మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇన్‌కంటాక్స్ ఆఫీసు వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. లోపలికి పిలిచాక ఉన్నదున్నట్టు చెప్పాడు. మరుదులూ అదే చెప్పారు. ఎవరి కార్డూ పోలేదు, ఎవరి భృతీ ఆగలేదు. వరహాలమ్మ తన వాటాకి మాత్రం రిటర్ను వేసి, కొద్దిపాటి జరిమానాతో బయటపడింది. పడవ దక్కింది.

ఇక అంతా సర్దుకుంటుందని సంబరపడింది, పిచ్చిది. తమ్ముడికి కబురు మీద కబురు పెట్టింది. వాడు రాలేదు. ముగ్గురూ ఎవరి ఖాతాలు వాళ్ళు తెరుచుకున్నారని ఏజెంటు చెబితే తెలిసింది. మంచిదే కదా, మొదట్లోనే జరగాల్సిన పని! అయినా ఆ రోజు ఆవిడకి ముద్ద దిగలేదు.

వానాకాలంలో ఎల్లాజీ జ్వరంతో పడిపోతే, గవర్రాజు అడక్కుండానే బావ పడవని వేటకి తీసుకెళ్ళాడు. ఆ చేపలు తనే అమ్మాడు. సాయంత్రం అక్క ఇంటికొచ్చి అరుగు మెట్ల కిందే నిలబడ్డాడు.

"బావ పడవ డబ్బులు నీ కాతాలో ఏసీసానప్పా."

"పైకి రారా. బావ నీ కోసమే అడుగుతన్నాడు."

"పనుంది. ఫోన్లో ఒకపాలి సూసుకో."

"నువ్వేసానంటే నాను సూడాలేటిరా?"

"సూసుకోప్పా. నానెల్లిపోనాక పడనేదంటే, మల్లీ ఆపీసోల్లు నన్నే పిలుత్తారు."

వాడు వెటకారంగా అనలేదు. నిజంగానే భయపడుతూ అన్నాడు. వరహాలమ్మ ఫోను తీసింది. కళ్ళ నిండా నీళ్ళు, అంకెలు కనబడలేదు.

"పడిందిరా" అంది.

ఆ మాట విన్నాకే గవర్రాజు కదిలాడు.